సాక్ష్యం బల్ల మీద ఎర్ర డబ్బా

నా దగ్గు పూర్తిగా పోయి ఏడాదిన్నర దాటింది. ఇప్పుడైతే రాయగలుగుతున్నాను. అప్పుడు రాయమంటే ఏడుపు తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. మా ఎల్లారెడ్డిలో, చుట్టుపక్కల ఊళ్లలో ఈ జబ్బు వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. పేరు మాత్రం ఎవరూ చెప్పరు. దమ్ము అంటారు, లోపలి జ్వరం అంటారు, ఎవరో ఏదో చేశారంటారు. నాకు వచ్చింది టీబీ. ఆ మాట నలుగురిలో గట్టిగా అనడానికే నాకు కొన్ని నెలలు పట్టింది కాబట్టి ముందే అనేస్తున్నాను.

ఇంకొకటి కూడా ముందే చెప్పాలి. నేను క్రైస్తవురాలిని. యేసుప్రభువు మళ్లీ వచ్చి, నమ్మినవాళ్లను తనతో తీసుకుపోతాడని నమ్ముతాను. దాన్ని మేము రాకడ అంటాము. చిన్నప్పటి నుంచి ఆ మాట వింటూ పెరిగాను, ఇప్పటికీ నమ్ముతూనే ఉన్నాను. కానీ నా జబ్బూ, ఆ రాకడ భయమూ ఒకే ఏడాది మా ఇంట్లోకి వచ్చి ఒకదానితో ఒకటి తగవు పెట్టుకున్నాయి. ఆ తగవులో నేను ఎటు నిలబడ్డానో, ఎందుకు నిలబడ్డానో చెప్పాలని ఇది రాస్తున్నాను. చదివినవాళ్లలో ఒక్కరైనా మధ్యలో ఆపేసిన మందు గోలీలు మళ్లీ మొదలుపెడితే నాకు అదే చాలు.

2012, వానాకాలం

మాది బస్టాండుకు కొంచెం లోపలగా రెండు గదుల ఇల్లు. మా ఆయన ప్రసాద్ నాగిరెడ్డిపేట దారిలో షేర్ ఆటో నడుపుతాడు. నేను ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా అత్తమ్మ మార్తమ్మ గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది. మా బిడ్డ శాంతి అప్పుడు మూడో తరగతి.

దగ్గు మొదలైనప్పుడు బట్టల నూగు గొంతులోకి పోయిందనుకున్నాను. అత్తమ్మ తన తంబాకు ఘాటు అనుకుంది. గల్లీలో ఉన్న డాక్టరు ఒక సీసా ఇచ్చాడు, అది అయిపోతే ఇంకో సీసా ఇచ్చాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. తెల్లారేసరికి దిండు తడిసిపోయేది. మిషన్ తొక్కుతుంటే ఆయాసం వచ్చి, సగం కుట్టిన జాకెట్టు చేతిని అలాగే వదిలేసి గోడకు ఆనుకునేదాన్ని. ఒకనాడు పొద్దున్నే దగ్గి చూసుకుంటే రుమాలు మీద ఎర్రటి చార కనిపించింది. ఆ రుమాలు మడిచి మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన చూశాడు. ఆటో తాళం మేకుకు తగిలించి చొక్కా వేసుకున్నాడు. ఇద్దరం కామారెడ్డి బస్సెక్కాము.

పెద్ద దవఖానలో దగ్గేవాళ్లను విడిగా కూర్చోబెట్టే వరండా ఉంది. అక్కడి బల్ల మీద కూర్చున్న మొదటి గంట నాకు బాగా గుర్తు. అందరి నోళ్లకూ తువ్వాలలు, కొంగులు అడ్డం ఉన్నాయి. ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. చూస్తే తెలిసినవాళ్లు అయిపోతారేమోనని భయం. ఒక ముసలవ్వ మాత్రం నన్ను చూసి జరిగి చోటిచ్చింది. ఆమెది మద్నూర్ అట, కూతురింటికి వచ్చి ఇక్కడ చూపించుకుంటోంది. మాటల్లో సగం మరాఠీ. "ఇటు కూసో బిడ్డా, గాలొస్తది" అని నన్ను చివరికి కూర్చోబెట్టి తాను మధ్యలో ఉక్కపోతలో కూర్చుంది. మళ్లీ ఆమెను చూడలేదు. ప్రార్థనలో ఆమె గుర్తొచ్చినప్పుడు పేరు తెలియక మద్నూరవ్వ అని చెప్పుకుంటాను.

కళ్లె పరీక్ష చేశారు. డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది కానీ మాట గట్టిది. "ఇది పోయే జబ్బే. ఆరు నెలలు గోలీలు మింగాలి. రెండు నెలలకే తగ్గిపోయిందనిపిస్తుంది, అప్పుడే అందరూ ఆపేస్తారు. నువ్వు ఆపకు" అంది. నేను తలూపాను. ఇంట్లో అందరినీ తెచ్చి చూపించమంది. శాంతిని తీసుకుపోయాము, ఏమీ లేదన్నారు. అత్తమ్మ మాత్రం "నాకేం రోగం? నేను మంచిగున్న" అని కదలలేదు.

ఆ వారంలోనే ఇంట్లో నా కంచం వేరైంది, గ్లాసు వేరైంది. శాంతి పక్క లోపలి గదిలో అత్తమ్మ పక్కకు మారింది. అత్తమ్మ చెడ్డది కాదు, ఆమెకు భయం. నాకూ ఆ భయమే కాబట్టి ఎదురు చెప్పలేదు. రాత్రిపూట గోడ అవతల నా బిడ్డ నానమ్మతో గుసగుసలాడుతుంటే వినడం మాత్రం చాలా కష్టమైంది. మా ఆయన ఒకరోజు నా గ్లాసులో మిగిలిన చాయ్ తీసుకుని తాగేశాడు. "ఏందిరా గది?" అని అత్తమ్మ అరిచింది. "గ్లాసుతోని రాదంట అవ్వా, డాక్టరమ్మ చెప్పింది" అని గ్లాసు కడిగి అందరి గ్లాసుల్లో బోర్లించాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాకు ఇచ్చినవాటిలో అదే పెద్దదని ఇప్పటికీ అంటాను. ఆయన నవ్వుతాడు.

మందులు ఇంటికి ఇవ్వరు. మా గల్లీ ఆశ కార్యకర్త లక్ష్మక్క దగ్గర నా పేరు రాసిన ఎర్ర డబ్బా ఒకటి ఉండేది. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఆమె ఇంటికి పోయి, ఆమె చూస్తుండగా గుప్పెడు గోలీలు మింగి రావాలి. మొదటిరోజు మూత్రం ఎర్రగా వస్తే నా పని అయిపోయిందని ఆమె ఇంటికి పరుగెత్తాను. లక్ష్మక్క నవ్వి నవ్వి కూర్చుండిపోయింది. "గోలీల రంగే అది. ముందుగల్ల చెప్పుడు మర్శిన" అంది. గోలీలు కడుపులో తిప్పేవి. ఆమె ప్రతిసారీ జొన్నరొట్టె ముక్క ఒకటి ఉంచేది. తిన్నాకే పంపేది, లేకపోతే తిట్టేది.

2012, నవంబరు

రెండు నెలలకు మళ్లీ పరీక్ష చేశారు. కళ్లెలో క్రిములు లేవు. డాక్టరమ్మ "ఇంకా నాలుగు నెలలు" అని గుర్తుచేసి పంపింది. బస్సు దిగి ఇంటికి వస్తూనే అత్తమ్మకు చెప్పాను. పరీక్షలో ఏమీ లేదన్నంత వరకే ఆమె చెవిన పడ్డట్టుంది. చాట పక్కన పెట్టి, నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది. రెండు నెలల్లో ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో నాలుగు నెలల మాట నేనూ మళ్లీ ఎత్తలేదు.

మా చర్చిలో ఒక అలవాటు ఉంది. ప్రసంగం చెప్పే చోటికి కింద చిన్న చెక్కబల్ల ఉంటుంది. దేవుడు మేలు చేసినవాళ్లు ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పి, ఇక తమకు అవసరం లేనిదాన్ని ఆ బల్ల మీద పెడతారు. తాగుడు మానినవాడు సీసా పెట్టాడు. మోకాళ్ల నొప్పి తగ్గినామె కర్ర పెట్టింది. ఒకాయన చూపు వచ్చిందని కళ్లద్దాలు పెట్టాడు, తర్వాతి ఆదివారం వచ్చి స్తంభానికి గుద్దుకున్నాడు. నెల తిరగకుండా కొత్తవి పెట్టుకున్నాడు, ఎవరూ ఏమీ అడగలేదు. బల్ల మీద పెట్టినది మాత్రం ఎవరూ తిరిగి తీసుకోరు.

ఆ ఆదివారం నాకు తెలియకుండా అత్తమ్మ లేచి నిలబడింది. "నా కోడలుకు పెద్ద రోగమొచ్చింది. దేవుడు ముట్టిండు. రోగం పోయింది. మా ఇంట్ల ఇంక ఆ రోగం లేదు" అంది. చర్చి అంతా చప్పట్లు, హల్లెలూయలు. అందరూ నా వైపు తిరిగారు. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ఎవరో "బల్ల మీద ఏం పెడుతున్నరు మార్తమ్మా?" అని అడిగారు. "గోలీల డబ్బా తెస్త" అంది అత్తమ్మ.

మధ్యాహ్నమే లక్ష్మక్క ఇంటికి పోయింది. నేను వెనకాలే పరుగెత్తి గుమ్మం దగ్గరికి చేరేసరికి ఇద్దరూ డబ్బా కోసం తగువులాడుతున్నారు.

"మా కోడలుదే గదా, ఇయ్యి. గుడిల పెట్టాలె" అంటోంది అత్తమ్మ.

"నీ కోడలుదే, నీది కాదు. సగం గోలీలున్నయి ఇంక. ఇయి నీ దేవుడు మింగుతడా?" అంటోంది లక్ష్మక్క.

"దేవుని మాట అనకు!"

"మరి డబ్బా ఇడువు!"

నేను మధ్యలోకి పోయి డబ్బా తీసుకుని లక్ష్మక్క చేతిలోనే పెట్టాను. అత్తమ్మ నా ముఖం చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. నలుగురిలో చెప్పిన మాటను నేను అబద్ధం చేశాను, ఆమె లెక్కలో అంతే. ఇంటికి వచ్చాక నాతో మాట్లాడలేదు. నా గ్లాసు మళ్లీ వేరైంది.

సాయంత్రం మా పాస్టరయ్య దగ్గరికి పోయాను. మంచి మనిషి. ఎవరింట్లో చావు జరిగినా ముందుగా వచ్చి కూర్చునేది ఆయనే. అంతా విని, "సాక్ష్యాన్ని తిరగదియ్యొద్దమ్మా. కొత్తగ వచ్చిన విశ్వాసులు తొట్రుపడతరు. గోలీలు వద్దంటలేను. చాటుగ వేసుకో" అన్నాడు.

"చాటుగ ఎందుకయ్యగారూ? నేనేమన్న దొంగతనం చేస్తున్ననా?" అన్నాను.

నా దగ్గర ఉన్నది ఆ ప్రశ్న ఒక్కటే. మర్నాడు సోమవారం పొద్దున ఎప్పటిలాగే నడివీధిలోంచి నడుచుకుంటూ లక్ష్మక్క ఇంటికి పోయాను. చర్చి ఆడవాళ్లు ఇద్దరు ఎదురొస్తే ఎటు పోతున్నావని అడిగారు. గోలీలు మింగడానికి అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి గుండె ఎంత కొట్టుకుందో చెప్పలేను.

2012, డిసెంబరు

ఆ నెల అందరికీ గుర్తుండే ఉంటుంది. ఏ టీవీ పెట్టినా ఇరవై ఒకటో తారీఖున లోకం అంతమైపోతుందని సముద్రాలు, మంటలు చూపించేవారు. ఎక్కడి క్యాలెండరో, ఎవరి లెక్కో. మా చర్చికి దానితో సంబంధం లేదు. కానీ భయం లోపలికి రావడానికి అందరి తలుపులూ ఒకటే. కామారెడ్డిలో మూడు సాయంత్రాలు రాకడ గురించి సభలు పెట్టారు. పట్నం నుంచి వచ్చిన ప్రసంగీకుడు నోటితో తారీఖు చెప్పలేదు. "ఈ క్రిస్మస్ చూస్తామో లేదో" అని మాత్రం చాలాసార్లు అన్నాడు. "ఇంకా ఆరు నెలలకు, ఏడాదికి లెక్కలు వేసుకునేవారు ఈ సభలో ఉన్నారు" అని కూడా అన్నాడు. నా పక్కన కూర్చున్న అత్తమ్మ తల తిప్పి నన్ను చూసింది. ఆరు నెలల లెక్క ఆ పందిట్లో నా ఒక్కదానిదే అనిపించింది.

సభ అయ్యాక మా పాస్టరయ్య ఆయన్ని ఎల్లారెడ్డికి ఎప్పుడు వస్తారని అడిగాడు. "ఫిబ్రవరి దాకా ఖాళీ లేదు బ్రదర్" అన్నాడాయన. ఆటోలో అది తలుచుకుని నవ్వితే దగ్గు వచ్చింది, మా ఆయన ఆటో ఆపాల్సి వచ్చింది. ఆ ప్రసంగీకుడొక్కడే కాదు. లోకం ఉండదని ఏడుస్తూనే మా చర్చి ఆడవాళ్లు పండుగ జాకెట్లు తెచ్చి నా మిషన్ మీద పడేసేవారు. "చేతులు జర పొడుగు పెట్టు, వచ్చే ఏడు గూడ తొడగాలె" అని ఒకామె చెప్పింది. నేను ఆమెను ఎగతాళి చేయలేదు. మనసులో ఒకవైపు భయం, ఇంకోవైపు వచ్చే ఏడు జాకెట్టు. నాకూ అంతే కదా.

ఇరవై ఒకటో తారీఖు శుక్రవారం పడింది. అది గోలీల రోజు. అదే రోజు మా చర్చిలో పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఉపవాస ప్రార్థన పెట్టారు. నీళ్లు కూడా ముట్టకూడదు. మొత్తం సంఘం అక్కడే. నేనూ పోయి అత్తమ్మ పక్కన కూర్చున్నాను. వేళకు లేవబోతే ఆమె నా చేయి పట్టుకుంది. అంత గట్టి పట్టు ఆమెకు ఉందని నాకు తెలియదు.

"ఇయ్యాలొద్దు బిడ్డా. ఇయ్యాలొక్కనాడు. ఆయన వచ్చే గడియల నువ్వు గోలీలు మింగుకుంట ఉంటవా? మేమందరం పోతే నువ్వొక్కదానివి మిగుల్తవ్."

ఆమె కళ్లలో కోపం లేదు. నేను మిగిలిపోతానన్న భయమే ఉంది. నన్ను ప్రేమించేవాళ్లు వద్దంటుంటే లేవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. "మల్ల వస్త అత్తమ్మా, గింతసేపట్ల వస్త" అని చేయి విడిపించుకున్నాను.

నిజం చెప్పాలంటే దారి పొడవునా భయపడ్డాను. రెండుసార్లు ఆకాశం వైపు చూశాను. ఎండ మామూలుగా ఉంది. కామారెడ్డి బస్సు మామూలుగా పోయింది. రోడ్డు పక్క మడిలో ఒక రైతు యాసంగి నారు పోయడానికి మట్టి చదును చేస్తున్నాడు. అతన్ని చూస్తూ ఒక్కసారి ఆగాను. ప్రభువు ఇప్పుడే, ఈ క్షణమే వచ్చి, సులోచనా ఎక్కడికి పోతున్నావు అని అడిగితే ఏం చెప్పాలి? బిడ్డకు నా రోగం అంటకుండా గోలీలు మింగడానికి పోతున్నాను ప్రభువా అని చెప్తాను. అందులో సిగ్గుపడవలసింది ఏముంది? నువ్వు ఇచ్చిన ఒళ్లు, నువ్వు ఇచ్చిన బిడ్డ. వచ్చేది ఎప్పుడో ఎవరికీ తెలియదన్నావు. తెలియనప్పుడు చేయవలసిన పని చేస్తూ ఉండడమే కదా ఎదురుచూడడమంటే. అంతవరకూ రాకడ అంటే నాకు కూర్చుని చూసే విషయం. ఆ రోడ్డు మీద అది నడుస్తూ చేసే పని అయింది. అడుగు గట్టిగా పడింది.

లక్ష్మక్క ఇంట్లో టీవీ నడుస్తోంది. ఆమె బియ్యం చెరుగుతూ తలెత్తి, "లోకం మునుగుతదంటున్నరు, గోలీలెందుకొచ్చినవే?" అంది.

"మునిగినా మింగినంకనే మునుగుత అక్కా" అన్నాను.

డబ్బా తెచ్చింది. ఉపవాసమని తెలిసి కూడా నీళ్లు ఇచ్చి, రొట్టె ముందు పెట్టింది. తిన్నాను. తిరిగి చర్చికి వచ్చేసరికి జనం గోడల దాకా ఉన్నారు. నా చోటు పోయి ఉంటుందనుకున్నాను. అత్తమ్మ పక్కన కొంచెం జాగా ఉంది, అందులో ఆమె తన కొంగు పరిచి పెట్టింది. నన్ను చూడకుండానే ఆ కొంగు లాక్కుంది. కూర్చున్నాను. చీకటి పడింది, ప్రార్థన అయిపోయింది, అందరం చెప్పులు వెతుక్కుని ఇళ్లకు పోయాము. మర్నాడు పొద్దున్నే ఇద్దరు వచ్చి జాకెట్లు అయ్యాయా అని అడిగారు.

2013

మార్చిలో నా గోలీలు అయిపోయాయి. చివరి పరీక్ష కూడా బాగా వచ్చింది. లక్ష్మక్క నోట్లో చక్కెర పోసింది. చర్చిలో ఎవరూ ఏమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు. చర్చి లెక్కలో నేను నవంబరులోనే బాగైపోయాను కదా. అత్తమ్మ నాతో మామూలుగా మాట్లాడేది. ఆ బల్ల మాట మాత్రం మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. శాంతి నానమ్మ పక్కలోనే ఉండిపోయింది, అక్కడే అలవాటైంది.

ఆ ఏడు క్రిస్మస్ పండుగకు అత్తమ్మకు జాకెట్టు కుట్టాలని కొలత తీసుకోబోయాను. "కొలతెందుకు, పోయినేటి జాకెట్ పెట్టి కుట్టు" అంది. మిషన్ మీద కూర్చునేవాళ్లకు అనుమానం చేతిలోనే ఉంటుంది. ఆమె స్నానం చేసి వచ్చి పోయినేటి జాకెట్టు తొడుక్కుంటుంటే చూశాను. భుజాల మీద నుంచి జారిపోతోంది. చంకల దగ్గర నాలుగు వేళ్లు పట్టేంత వదులు. ఏడాదిలో ఒక మనిషి అంత తగ్గిందంటే ఊరికే తగ్గదు. అప్పుడు గుర్తొచ్చాయి, కొన్ని వారాలుగా ఆమె మాటిమాటికీ పెరట్లోకి పోయి రావడం, వస్తూ కళ్లు తుడుచుకోవడం. పెరట్లోకి పోయి దగ్గి వస్తోంది.

"ఎన్ని దినాలాయె అత్తమ్మా దగ్గు?" అన్నాను.

"తంబాకు దగ్గు."

"ఎన్ని దినాలాయె?"

ఆమె చాట ముందు కూర్చుండిపోయింది. "దసరా ముంగట్నుంచి" అంది. "నేను చర్చిల నిలబడి చెప్పిన బిడ్డా. మా ఇంట్ల ఆ రోగం లేదని దేవుని ముందట చెప్పిన. ఇప్పుడు నాకే వచ్చిందంటే దేవుడు అబద్ధమాడినట్టు కాదా? దవఖానకు నేను రాను. ఆయన వచ్చి తోల్కపోతడు" అంది.

నాకు కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. ముందు కోపమే బయటికి వచ్చింది. "దేవుడు అబద్ధమాడలే. నువ్వు తొందరపడ్డవ్. గంతే. ఆయన పేరు నువ్వు కాపాడేదేంది అత్తమ్మా, నువ్వు లేనప్పుడు లేకుండెనా ఆయన? వస్తే తోల్కపోతడు, మంచిదే. రానన్ని దినాలు శాంతి నీ పక్కల పంటది. గది మర్శినవా?"

ఆమె లోపలి గది వైపు చూసింది. శాంతి పక్క అక్కడే మడిచి ఉంది. నా దగ్గర నుంచి కాపాడాలని ఆమె తన పక్కకు తెచ్చుకున్న పక్క. తర్వాత ఒళ్లో ఉన్న తునికాకు ముక్కలు దులుపుకుని లేచి, ఆ పక్క తీసుకొచ్చి నా మంచం మీద పెట్టింది. "పొద్దుగాల ఎన్ని గంటలకున్నది బస్సు?" అంది.

2013 ఆఖరు, 2014

ఈసారి ఆ వరండాలో చోటు ఇచ్చే వంతు నాది. అత్తమ్మను గాలి వచ్చే చివర కూర్చోబెట్టి నేను మధ్యలో కూర్చున్నాను. పరీక్షలో టీబీ అనే వచ్చింది. శాంతికి మళ్లీ చేయించాము. ఆ కాగితం చేతికి వచ్చేదాకా అత్తమ్మ నీళ్లు ముట్టలేదు. ఎవరూ పెట్టని ఉపవాసం అది. పిల్లకు ఏమీ లేదన్నాక అక్కడే గోడకు తల ఆనించి ఏడ్చింది.

మొదటి సోమవారం లక్ష్మక్క ఇంటికి నేను తోడుగా పోయాను. అత్తమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. లక్ష్మక్క కొత్త ఎర్ర డబ్బా తెచ్చి చూపించి, "ఆనాడు డబ్బా ఇయ్యి ఇయ్యి అంటివి గదా అవ్వా. ఇగో, ఇప్పుడు నీ పేరు మీదనే వచ్చింది. దా, కూసో" అంది. అత్తమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే మింగింది. తర్వాత ఇద్దరూ నేను ఉన్నానన్నది మరిచిపోయి మాట్లాడుకున్నారు. కొన్ని వారాలకు నేను తోడు రానవసరం లేదని చెప్పేసింది.

ఆ ఆరు నెలల్లో అత్తమ్మ మానేస్తానన్న రోజులు ఉన్నాయి. వాంతులై మంచం మీద పడుకుని, ప్రభువా ఎప్పుడొస్తవ్ అని ఏడ్చిన రోజులూ ఉన్నాయి. "వచ్చినప్పుడు వస్తడు, ముందు లేచి తయారుకా. ఇయ్యాల శుక్రారం" అనేదాన్ని. తిట్టుకుంటూ లేచేది. చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. విశ్వాసం తప్పారు కాబట్టే రోగం తిరిగి వచ్చిందని ఒక కుటుంబం మా పక్కన కూర్చోవడం మానేసింది. వాళ్లు ఇప్పటికీ కూర్చోరు. పాస్టరయ్య మాత్రం ఒకసారి ఇంటికి వచ్చి, అత్తమ్మ కోసం ప్రార్థన చేసి, లేచేటప్పుడు "గోలీలు తప్పియ్యకు మార్తమ్మా" అన్నాడు. గల్లీలో అందరికీ వినపడేలా అన్నాడు. ఆయనకు అది చిన్న మాట కాదని నాకు తెలుసు.

తెలంగాణ వచ్చి నెల దాటిన తర్వాత అత్తమ్మ గోలీలు అయిపోయాయి. లక్ష్మక్క ఖాళీ డబ్బా ఆమె చేతికే ఇచ్చింది. "నాకెందుకు, తీస్కపో, పోపుగింజలు పోస్కో" అంది.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ అత్తమ్మ లేచింది. నేను కొత్త కొలతతో కుట్టిన జాకెట్టు తొడుక్కుంది. నాకు ముందుగా ఏమీ చెప్పలేదు. కొంగు కింద నుంచి ఎర్ర డబ్బా తీసి రెండు చేతులతో పట్టుకుంది.

"ఎనుకట ఇక్కడ నిలబడి నా కోడలు రోగం పోయిందన్న. అప్పటికి పోలే. నేను తొందరపడ్డ. నా కోడలు ఆగలే, మింగింది, అప్పుడు పోయింది. మల్ల నాకొచ్చింది. నేను గూడ మింగిన. పోయింది. దేవుడు ముట్టిండు. అన్ని దినాలు ముట్టుకుంటనే ఉన్నడు." డబ్బా మూత తీసి అందరికీ చూపించింది. "సూడుండ్రి. ఖాళీ అయినంకనే తెచ్చిన."

బల్ల మీద పెట్టింది. చప్పట్లు లేవు. ఎవరూ హల్లెలూయ అనలేదు. నాకు కళ్లనిండా నీళ్లు.

ఆమె తిరిగి వస్తూ వస్తూ వెనక వరుసలో ఆగింది. అక్కడ ఒకతను తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గు బయటికి రాకుండా బిగపట్టి కూర్చున్నాడు. పోయిన రెండు ఆదివారాలుగా అలాగే కూర్చుంటున్నాడట, నేను గమనించలేదు. అత్తమ్మ వంగి, చర్చి అంతా వినేలా అంది.

"రేపు సోమారం. పొద్దుగాల మా ఇంటికి రా బిడ్డా. మా కోడలు దవఖానకు తోల్కపోతది."